వీపు షాటు

యాభై ఎనిమిదేళ్ల ఫిలోమినా పొట్ట బిగించి, గడ్డం పైకెత్తి, తొమ్మిదేళ్ల పిల్లవాడిలా ఏడ్చింది. అద్దం వెనక రికార్డింగు చూసే తిరుమలేశ్ బొటనవేలు పైకెత్తాడు.

ఫిల్మ్ నగర్ డబ్బింగులో పసి మగపిల్లల గొంతులు చాలావరకు ఆడవాళ్లవే. ముప్పై ఏళ్లుగా ఆమె పని అది. పేరు తెర మీద ఏనాడూ పడలేదు. పొట్టి మనిషి. చీర కింద మోకాళ్ల మీద పాత మచ్చలు.

ఈ సినిమా క్రైస్తవ మిషన్ వాళ్ల దిద్దుబాటు బడి గురించి. దొంగతనం అంటగట్టి, కంకర మీద మోకరింపజేసి, ప్రార్థన చెప్పిస్తూ కొట్టే బడి. చివరికి పిల్లలు తిరగబడి గేటు విరగ్గొడతారు. దర్శకుడు సృజన్ హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం మానేసి వచ్చాడు. అలాంటి బడి గురించి చదివాడు. ఫిలోమినా గుంటూరు పక్కన అలాంటి దాంట్లో చిన్నప్పుడు నాలుగేళ్లు ఉంది.

ఆఖరి రీలు, తిరుగుబాటుకు ముందు. తెర మీద దెబ్బలు తింటున్న పిల్లవాడి వీపు. కాగితం మీద మాట: "తప్పయింది ఫాదర్, క్షమించండి."

ఎర్ర దీపం వెలిగింది.

"నేను తియ్యలేదు. చెప్పను," అంది పిల్లవాడి గొంతుతో.

"అమ్మా, గదేంది? కాగితంల గట్ల లేదు గద!" తిరుమలేశ్ నవ్వాడు.

"వీపేగా బాబూ కనిపించేది. పెదాలు కలపక్కర్లేదు."

సృజన్ లోపలికి వచ్చాడు. "ఆంటీ, వాడిక్కడ లొంగిపోవాలి. అప్పుడే ఆడియన్స్ ఏడుస్తారు."

"నేను లొంగానండీ. చెయ్యని దొంగతనానికి సిస్టర్ కాళ్లు పట్టుకున్నాను. ఎవరూ ఏడవలేదు. మర్నాడు ఇంకో నాలుగు తగిలించారు."

"వేరేవాళ్లతో చెప్పిస్తాను."

"చెప్పించుకోండి. పదమూడు రీళ్లు నా గొంతే. ఈ ఒక్క ముక్కకి మారితే హాల్లో ఈలలేస్తారు."

విడుదల శుక్రవారం. మొదటినుంచి మళ్లీ చెప్పించే వ్యవధి లేదు. సృజన్ ముఖం కందిపోయింది.

"అలాగే ఉంచు," అన్నాడు తిరుమలేశ్‌తో. "ఈవిడని మాత్రం ఇక పిలవొద్దు."

ఫిలోమినా హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించింది.

"పిలిచినా రానండీ," అంది తన సొంత గొంతుతో. మెట్లు దిగి షేక్‌పేట వైపు నడిచిపోయింది.

మర్నాడు మైకు ముందు వేరే అమ్మాయి నిలబడింది, వేరే సినిమాకు. స్టాండు అంచున, గొంతు కోసం ఫిలోమినా తెచ్చుకున్న పటికబెల్లం పొట్లం విప్పినది విప్పినట్టే ఉంది. చీమలు పట్టాయి.