నా పేరున్న నీళ్ల ప్యాకెట్

పొద్దున నాలుగింటికే లేచి పులిహోర కలిపాను, పప్పు చేశాను, అత్తమ్మకు రెండు పూటలకు సరిపడా జావ కాసి పెట్టాను. ఒక్కరోజు ఇల్లు కదలడానికి ఎంత లంచం! అయినా ఆవిడ గడప దగ్గర అననే అంది. "ఇంట్ల చెత్త ఎవరెత్తాలె? సముద్రం ఊడ్వనీకి పోతదట, సోద్యం గాకపోతే."

నా భర్త జగదీశ్ నవ్వాడు. "పోనియ్ అమ్మా. రాత్రి వంటకల్లా వస్తది."

నన్ను అడగలేదు, నా తరఫున చెప్పేశాడు. మిర్యాలగూడలో వాటర్ ప్లాంటు పెట్టినప్పుడూ అంతే. "ఆడోళ్ల పేరు మీద ఉంటే మంచిది, సంతకం చెయ్" అని కాగితాలు నా ముందర పడేశాడు. పిండి చేయి కొంగుకు తుడుచుకుని పెట్టాను. అప్పటినుంచి పెళ్లిళ్లలో, వైన్ షాపుల ముందు, జనం కొరికి తాగి పారేసే ప్యాకెట్ల మీద నీలం అక్షరాల్లో 'అరుంధతి'. ఇంట్లో మాత్రం నేను 'ఏమే'ని.

మా స్కూలు టీచర్లమంతా కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర బీచ్ శుభ్రం చేయడానికి బయల్దేరాం. బస్సు కోదాడ దాటుతుంటే సైన్స్ టీచర్ లహరి లేచి నిలబడింది. "సముద్రంలో చెత్త సముద్రంలో పుట్టదండీ. మనం మూసీలో వేసిందే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తది. వరదలకి బ్యారేజీ గేట్లెత్తితే ఇంకేముంది, నేరుగా సముద్రానికే."

అందరూ తలలూపారు. నేను కిటికీ వైపు తిరిగాను. మా ప్లాంటులో లీకైన ప్యాకెట్లు బస్తాలకెత్తి ఎక్కడ పోస్తారో నాకు తెలుసు. పోయినేడు వాడపల్లిలో, మూసీ ఒడ్డున, కళ్లారా చూశాను. జగదీశ్‌ని అడిగితే, "నీకెందుకు? నువ్వు వంట సూస్కో" అన్నాడు. చూసుకున్నాను. సిగ్గులేదు నాకు!

ఇసుక నిండా తెగిన వలలు, చెప్పులు, షాంపూ పొట్లాలు. ఏరిన ప్రతిదాని మీద పేరు చదివి, ఏ కంపెనీదో కాగితం మీద రాయాలట. ఆ కాగితం కాలుష్యం ఆఫీసుకి పోతుందట. చేతిరాత బాగుంటుందని రాసే పని నాకే అంటగట్టారు. నీలం ముక్క కనబడ్డప్పుడల్లా ముందు అక్షరాలు చూసుకున్నాను. దేవుడా, నాది రాకూడదు, నాది రాకూడదు.

వచ్చింది. లహరి ఇసుక దులిపి పకపకా నవ్వింది. "మేడమ్! మీ పేరే! అడ్రసు కూడా మిర్యాలగూడే. ఎవరో ఈ పుణ్యాత్ములు!"

ఎవరో అనేస్తే సరిపోయేది. రాస్తే నోటీసొస్తుంది, నా పేరు మీదే వస్తుంది, జగదీశ్ నన్ను బతకనివ్వడు. అంతలో ఫోన్ మోగింది. ఆయనే.

"ఎంతదాక వచ్చినవ్? రాత్రికి మనోళ్లు నలుగురు వస్తున్నరు, కోడికూర చెయ్యాలె."

లహరి ఇంకా ప్యాకెట్ పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. కాగితం మీద నా పేరు రాశాను. పక్కన ఊరు కూడా రాశాను. చేతిరాత వంకర పోయింది.

"కూర నువ్వు సూస్కో," అన్నాను ఫోన్‌లో. "రేపటి సంది ప్యాకెట్ల మిషన్ బంద్ పెట్టు."

"ఏందే? గా మాట చెప్పనీకి నువ్వెవరు?"

"ఓనర్ని."