లేదా ఏమీ లేదు

అయినా తనకంటే ముందు ఈ ప్రోగ్రాం రాసిన ఆ పెద్దావిడకి ఇంత చాదస్తం ఏమిటో, అడగనివాళ్లకి సంజాయిషీ చెప్పుకున్నట్టు ఒక్కో పని చేసిపెట్టే ప్రతి ఫంక్షన్ నెత్తినా ఒక వరస, ఇది తీసుకునేది చిరునామా, తిరిగి ఇచ్చేది అంబులెన్స్, అని, ఈ ప్రోగ్రామింగ్ భాషకి అదేం పట్టదు కదా, రాసినా నడుస్తుంది రాయకపోయినా నడుస్తుంది, ఒక ఫంక్షన్ ఇచ్చింది ఇంకోటి అందుకుంటూ పోవడమే తప్ప ఏం తెచ్చావని దారిలో ఆపి అడిగే నాథుడుండడు, ఆ సుఖం చూసే కదా తను దీని మీద మనసు పడింది, ఈ వరసల పేరు టైప్ హింట్లట, ప్రోగ్రాం వాటి వంక కన్నెత్తైనా చూడదు, చూసేదల్లా పక్కన కూర్చుని తప్పులేరే చెకర్ ఒక్కటే, అనుకుంటూ ఆమె చల్లారిన కాఫీతో ఆ వరస దగ్గరే ఆగిపోయింది, పదిన్నరైంది, దగ్గర్లోని అంబులెన్స్‌ని వెతికిపెట్టే ఈ కొత్త ప్రోగ్రాం పదకొండింటికి ఆస్పత్రి వాళ్ల చేతికి వెళ్లాలి, ఆ వరసలో నిన్నటిదాకా ఇంకో ముక్క ఉండేది, తిరిగి ఇచ్చేది అంబులెన్స్, లేదా ఏమీ లేదు, అని, ఆ చివరి ముక్కని నిన్న సాయంత్రం తనే చెరిపేసింది.

చెరపక ఏం చేస్తుంది, ఆ ముక్క పుణ్యమా అని చెకర్ పన్నెండు చోట్ల ఎర్రగీతలు పెట్టి, ఏమీ లేకపోతే ఏం చేస్తావు, ఏమీ లేకపోతే ఏం చేస్తావు, అని ప్రాణం తోడేసింది, తీసేయగానే గప్‌చుప్, పరీక్షల్లో ప్రతిసారీ బండి దొరికింది కదా, మేనేజర్ కూడా నీ చెయ్యి మంచిదమ్మా అని మురిసిపోయాడు కదా, పెద్దావిడ మాత్రం రిటైరైన రోజు సొరుగు ఖాళీ చేసుకుంటూ, అవి మిషను కోసం రాసినవి కాదమ్మాయ్, ఆ ఫంక్షన్‌ని నమ్ముకుని పిలిచేవాళ్ల కోసం, అంది, తను పైకి తలూపి లోపల నవ్వుకుంది.

లేదా, లేదా, ఎక్కడో విన్న మాట, ఎక్కడో ఏమిటి ఇంట్లోనే, నాన్నది కరెంటు లైన్‌మన్ ఉద్యోగం, గాలివాన వస్తే ఏ స్తంభం మీద ఉంటాడో ఆయనకే తెలియదు, నాన్నా రేపు సాయంత్రం స్కూల్లో నా పాట ఉంది, వస్తావా అంటే, బూట్లు విప్పుకుంటూ, వస్తాను, లేదా రాను, అనేవాడు, తనకి ఏడుపు తన్నుకొచ్చేది, అమ్మ కస్సుమనేది, పసిదానితో వస్తానని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయింది, అని గొణుక్కుంటూనే గోడ మీంచి పక్కింటి పిన్నిని కేకేసేది, ఈయన సంగతి తెలుసుగా, రేపు పిల్ల దగ్గరికి నువ్వో అడుగు వెయ్యవే, నాన్న రాని రోజులే ఎక్కువ, అయినా తనేనాడైనా గేటు దగ్గర ఒంటరిగా నిలబడిందా, లేదే, ప్రతిసారీ పిన్ని ఉంది, ఒంటరిగా బెంచీ మీద కూర్చుంది తన స్నేహితురాలు, వాళ్ల నాన్న తప్పకుండా వస్తానని ముద్దుపెట్టి మరీ చెప్పేవాడు, అబ్బ, ఆ పిల్ల మొహం ఇప్పటికీ మర్చిపోలేదు.

బళ్లన్నీ ఒకేసారి బయట ఉంటే, అమ్మో, ఏమీ లేదన్నది అంబులెన్స్ వేషం వేసుకుని పన్నెండు ఫంక్షన్లూ దాటిపోయి, ఫోనెత్తిన మనిషి ముందు తెర తెల్లబోయి, అవతల ఎవరో వస్తోందనుకుని కిటికీ దగ్గర నిలబడి, ఇదంతా ఆవిడ ముందే చూసింది, చూసి మూడే మూడు మాటల్లో పెట్టింది, దాన్ని పట్టుకుని చాదస్తమంది తను, ఆవిడ చేతులు కళ్లకద్దుకోవాలి, వేళ్లు వాటంతటవే ఆ ముక్కని మళ్లీ రాసేశాయి, పన్నెండు ఎర్రగీతలూ బిలబిలమంటూ వచ్చాయి, రండి, ఒక్కొక్కరూ రండి, మేనేజర్ వచ్చి, ఏమ్మా, పంపేద్దామా అన్నాడు, ఇప్పుడు కాదు సార్, నిన్న నేనో తప్పు చేశాను, సాయంత్రానికి అవ్వచ్చు, లేదా అవ్వకపోవచ్చు, ఆయన మొహం మాడిపోయింది, అవుతుందని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయిందమ్మా అని గొణుక్కుంటూనే ఫోన్ తీసి, ఆస్పత్రి వాళ్లతో, పాత ప్రోగ్రాం ఆపకండి, రేపటిదాకా నడవనివ్వండి, అంటున్నాడు, అచ్చం అమ్మ గొంతే, గోడ మీంచి పిన్నిని కేకేసిన గొంతే, ఆమె చేతులు కీబోర్డు మీద ఆగాయి, ఇన్నేళ్లూ తనతో అన్నాడనుకుని ఏడ్చింది కానీ, వస్తాను, లేదా రాను, అని నాన్న చెప్పింది తనకి కాదు, అమ్మకి.