హద్దు మీద కట్టిన ఇల్లు

అడెలా కింటానా ఆ ఇంటి చుట్టూ మూడోసారి తిరిగి, వంటగదిలోకి వచ్చి కూర్చుంది. కౌంటీ ప్రభుత్వం తరఫున, కాపాడాల్సిన పాత ఇళ్ల జాబితా రాయడం ఆమె ఉద్యోగం. ఈ ఇల్లు జాబితాకెక్కితే కొత్త రోడ్డు పక్కనుంచి పోతుంది, లేదంటే ఇంటి మీదుగానే పోతుంది. కమిటీ కూర్చునేది ఎల్లుండే.

"ముందు గోడంతా ప్లాస్టిక్ పలకలేనండీ. పాత రూపు కనబడకపోతే కమిటీ ఒప్పుకోదు."

"నా రూపూ మారింది, అమ్మాయ్. నన్నూ కూల్చేస్తారా?" అంది వెర్నా స్టొడార్డ్, రూబార్బ్ కాడలు తరుగుతూ. ఆమెకు ఎనభై దాటాయి.

అడెలా నవ్వలేకపోయింది. ఫైలు తెరిచింది. "1887లో ఆర్ఫా, టామ్సిన్ అనే అక్కచెల్లెళ్లు పక్కపక్కన చెరో నూట అరవై ఎకరాలు ప్రభుత్వం దగ్గర తీసుకున్నారు. ఎవరి నేలలో వాళ్లు ఇల్లు కట్టుకుని ఉన్నట్టు కాగితాల్లో రాశారు. పాత మ్యాపులో మాత్రం ఒక్కటే ఇల్లుంది."

"ఒక్కటే కట్టారు మరి, సరిగ్గా హద్దు మీద. మా నాయనమ్మ ఆర్ఫా హద్దుకి ఇవతలి గదిలో పడుకునేది, చెల్లెలు అవతలి గదిలో. ఎవరి నేల మీద వాళ్లు నిద్రపోకపోతే చట్టం ప్రకారం భూమి దక్కదుగా! తనిఖీకి ఎవరైనా వస్తే చెరో గుమ్మంలో నిలబడి, 'ఏమండీ, కులాసానా?' అని పొరుగువాళ్లలా పలకరించుకునేవాళ్లట."

"చెరో గుమ్మమా? ఉన్నది ఒక్కటేగా!"

వెర్నా చేతిలో కత్తి ఆగింది. "మా ఆయన గ్లెన్ మూసేశాడు. రెండు గుమ్మాలు చూసి దారిన పోయేవాళ్లంతా 'ఎంతమంది పెళ్లాలోయ్?' అని ఆయన్ని ఆటపట్టించేవాళ్లు. విసిగిపోయి, తలుపు అలాగే ఉంచి పైన పలకలు కొట్టేశాడు."

"తలుపు లోపల ఉందా!" అడెలా లేచి నిలబడింది. "అది కనబడితే చాలండీ. కాకపోతే సర్వేకి వచ్చినవాళ్లు ఇంటి మీద చెయ్యి వేయకూడదు. ఆ పలకలు మీరే తియ్యాలి."

వెర్నా కత్తి పక్కన పెట్టింది.

"ఆయన నిచ్చెనెక్కి చేసిన ఆఖరి పని అది. నేనే కింద నిలబడి మేకులు అందించాను."

అడెలా ఫైలు మూసింది.

వెర్నా చేతులు కడుక్కుని, కొట్టంలోంచి మేకులు పీకే కడ్డీ తెచ్చింది. ముందు గోడకున్న మొదటి పలక కీచుమంటూ ఊడింది. వెనుక పాత తలుపు అంచు, దాని మీద వెలిసిన ఆకుపచ్చ రంగు కనిపించాయి. ఊడిన మేకుల్ని ఆమె ఒక్కొక్కటే ఏరి ఏప్రన్ జేబులో వేసుకుంది.

"చూస్తూ నిలబడ్డావేం? ఫొటో తియ్యి," అని రెండో పలక కిందికి కడ్డీ దోపింది.