అక్కకు చెప్పని మెట్లు

"మీరు గోడకి రంగేస్తున్నారనుకోండి. నేనిక్కడ లేననుకోండి," అంది మెట్లమ్మ.

ఎదురుగా మనిషి నిలబడి గుచ్చి గుచ్చి చూస్తుంటే లేదనుకోవడం ఎలాగో, భుజం నొప్పితో వచ్చిన ఆ రంగులేసే అతనికి తెలియలేదు. అయినా ఆమె ఇచ్చిన ఎండు బ్రష్షు పట్టుకుని, చిన్న నిచ్చెనెక్కి, ఉత్త గోడ మీద పైకీ కిందికీ ఆడించసాగాడు. కాసేపటికి సిగ్గు పోయి చెయ్యి తన పనిలో పడింది. ఆమెకు కావలసింది అదే.

ఆస్పత్రి వెనక వైపు, రోగుల చేత వ్యాయామాలు చేయించే పొడుగాటి గది అది. నేల మీద రబ్బరు చాపలు, గోడకి రకరకాల బిగువుల సాగే పట్టీలు, ఎత్తు తక్కువ కుర్చీలు, ఎత్తు ఎక్కువ కుర్చీలు. మూలన కమ్మీలున్న చెక్క మెట్లు. ఇటు మూడు ఎక్కి అటు మూడు దిగాలి, అంతే. తుంటి నొప్పి అని వచ్చినా, మోకాలని వచ్చినా, చివరికి ఆ మెట్లు ఎక్కించి దింపి, "ఇక మీరు రానక్కర్లేదు" అని పంపేది గనుక అందరూ ఆమెను మెట్లమ్మ అనేవారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

యాభై దాటిన మనిషి. పొట్టి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. ఎవరైనా కదులుతుంటే చాలు, నోరు కొంచెం తెరుచుకుని అలా చూస్తుండిపోతుంది. బస్సులో దిగేవాళ్ళ ముఖాలు చూడదు, నడుములు చూస్తుంది. ఈయన ఎడమ చెప్పే ఎందుకు అరిగింది? ఆవిడ సంచి ఎప్పుడూ ఆ భుజానికే ఎందుకు? పరాయివాళ్ళ కాళ్ళకేసి అలా చూస్తే ఏమనుకుంటారోనన్న ధ్యాస ఆమెకు ఏనాడూ లేదు.

"ఆగండి. నిచ్చెన ఎందుకు జరపలేదు?"

రంగులేసే అతను తన చెయ్యి కేసి తానే వింతగా చూసుకున్నాడు. ఒళ్ళంతా పక్కకి వాలి, చెయ్యి తల మీదుగా ఎక్కడికో సాగి ఉంది.

"ఇంకో మూరెడేగా అమ్మా. దిగి, జరిపి, మళ్ళీ ఎక్కడం ఎందుకని."

"ఆ మూరెడే మీ భుజాన్ని తినేస్తోంది."

రెక్క ఎముకని పట్టి ఉంచే కండ బలహీనమైపోతే భారమంతా భుజం కీలు మీద పడుతుందని అతని వీపు మీద వేలు పెట్టి మరీ చూపించింది. మోచెయ్యి పక్కకి ఆనించి పట్టీ లాగమంది. గోడని రెండు చేతులతో తొయ్యమంది. పోయిన వారం పసుపు పట్టీ, ఈ వారం ఇంకా బిగువైన ఎర్రది.

"మా పక్కింటాయన డంబెల్సు ఎత్తమన్నాడండీ. ఆయనకి దాంతోనే తగ్గిందట."

"ఆయన చొక్కా మీకు పడుతుందా? ఇదీ అంతే. ఇంకో మాట. తేలికైపోయిందంటే పెంచాలి. పెంచకపోతే కండ కునుకు తీస్తుంది."

అతను పట్టీ లాగుతూ నవ్వాడు. "ఈ ముక్క మా ఆవిడకి చెప్పండి. నీళ్ళ బకెట్ కూడా ముట్టుకోనివ్వట్లేదు. జాగ్రత్త అంటుంది. జాగ్రత్తా పాడా! నేను ఇంట్లో ఉండటం ఆవిడకి అలవాటైపోయింది. బాగైతే మళ్ళీ పొద్దున పోతే రాత్రికిగా వచ్చేది."

మెట్లమ్మ చేతిలో పట్టీ కొస వదులైంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె గబగబా కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఆమె ఇంట్లో అక్క ఉంది. బట్టలు కుట్టే మనిషి. పెళ్ళి మాటెత్తినవాళ్ళకి కత్తెర చూపించి, పాత వీధిలో మూడో అంతస్తులో కిటికీ పక్కన మిషను వేసుకుని, ఒంటరిగా దర్జాగా బతికింది. లిఫ్టు లేదు. చలికాలం మొదట్లో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆపరేషనయ్యాక మెట్లమ్మ తన ఇంటికి తెచ్చుకుంది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి వంటింట్లోకి తనే నడిపించింది. కుర్చీ మీద దిళ్ళు ఒక్కొక్కటే తీసేస్తూ, తగ్గిన ఎత్తులోంచి చేతులు ఆనించకుండా లేవడం నేర్పింది. అంట్లు తోమేటప్పుడు ఒంటికాలి మీద నిలబడమంటే అక్క బూతులు తిట్టింది, నిలబడింది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత రావలసినవి మెట్లు. అక్కడ మెట్లమ్మ ఆగిపోయింది.

"ఇప్పుడే వద్దక్కా, తొందరేముంది," అంది ఒక వారం. తర్వాతి వారం కూడా అదే మాట. ఇంకే మనిషికైనా ఎప్పుడో మెట్లు చెప్పేసేది. మొగుడు పోయాక ఇన్నేళ్ళూ సాయంత్రం తలుపు తీస్తే చీకటే పలకరించేది. ఇప్పుడు "ఇంత ఆలస్యమా, దారిలో ఎవరి కాళ్ళు చూస్తూ కూర్చున్నావే" అని ఒక గొంతు పలకరిస్తోంది. అక్క మెట్లెక్కగలిగిన రోజు ఆ గొంతు వెళ్ళిపోతుంది. అదీ సంగతి. ఆమెకి తెలుసు, తెలిసే చేసింది.

ఆ సాయంత్రం బస్సులో ఆమె ఎవరి నడుమూ చూడలేదు.

ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. కుర్చీ ఖాళీ. వంటింట్లో లేదు, స్నానాల గదిలో లేదు. అంతలో బయట, పైనుంచి, చప్పుడు. ఒక అడుగు, ఆగి ఇంకో అడుగు.

అక్క డాబా మీంచి దిగుతోంది. చంకలో ఆరిన దుప్పట్లు, ఇంకో చెయ్యి కమ్మీ మీద. ఆపరేషనైన కాలు ముందు, బాగున్న కాలు తర్వాత. పిలిస్తే తడబడుతుందని మెట్లమ్మ పిలవలేదు. నోరు తెరుచుకుని చూస్తుండిపోయింది. నడుము ఒక పక్కకి ఒరగలేదు. మోకాలు లోపలికి పోలేదు. ముందు సంతోషం వచ్చింది, ఒళ్ళంతా పులకరించేంత సంతోషం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? మంచికాలు పైకి, చెడ్డకాలు కిందికి అని ఫోన్లో ఊరందరికీ చెప్తావుగా. విరిగింది తుంటే, చెవులు కాదు." అక్క చివరి మెట్టు దిగింది. "పదిహేను రోజులై ఎక్కుతున్నా."

మెట్లమ్మ దుప్పట్ల కోసం చెయ్యి చాపి, చివరికి ఉన్న మాట అనేసింది. "నువ్వు వెళ్ళిపోతావనక్కా. అందుకే చెప్పలేదు."

"తెలుసే." అక్క దుప్పట్లు ఇంకో చంకలోకి మార్చుకుంది. "నేను మాత్రం ఎక్కుతున్నానని ఎందుకు చెప్పలేదనుకున్నావు? ఇంకొన్నాళ్ళు ఉందామనే. కానీ నా ఇల్లు అక్కడుంది. ఇంకా ఆలస్యం చేస్తే రెండిళ్ళకీ చెడతాను."

మెట్లమ్మ ముఖం తుడుచుకుంది. "అయితే సరిగ్గా చూడనీ," అంది. అందరినీ చూసినట్టే చూసింది. అన్నిటికంటే పొట్టి పీట మీంచి చేతులు కట్టుకుని లేపింది. ఒంటికాలి మీద నిలబెట్టింది. మెట్లెక్కించింది, బరువు సంచి ఇచ్చి మళ్ళీ ఎక్కించింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని కళ్ళు వెతికాయి. నిజం చెప్పాలంటే మనసూ వెతికింది. దొరకలేదు.

"ఇక నువ్విక్కడ ఉండక్కర్లేదు," అంది. ఎంతోమందికి చెప్పిన మాటే. ఈసారి గోడకేసి చూస్తూ అంది.

అక్క పెట్టె అప్పటికే సర్ది ఉంది. ట్యాక్సీ వచ్చేలోగా ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. హారను వినపడి లేచేటప్పుడు మెట్లమ్మ చెయ్యి మోకాలి మీద ఆనించి లేచింది. అక్క చూసింది.

"ఊరికంతా చెప్తావు. నువ్వెప్పుడైనా చేస్తావటే?"

"నాకేం, నేను బాగానే ఉన్నా."

"ఆ, కనపడుతోందిలే."

ట్యాక్సీ మలుపు తిరిగేదాకా మెట్లమ్మ నిలబడింది. ఇంట్లోకొచ్చి దీపం వేసింది. అక్క ఖాళీ చేసిన కుర్చీ మీద రెండు చిన్న గుడ్డ సంచులున్నాయి, ఇసుక నింపి కుట్టినవి, కాళ్ళకి కట్టుకునేందుకు పట్టీలతో సహా. ఎప్పుడు కొలిచిందో ఏమో, చుట్టి చూసుకుంటే సరిగ్గా ఆమె చీలమండలకే. మూడు పక్కలా గట్టి కుట్టు. నాలుగో పక్క కుట్టలేదు, ఇసుక కారకుండా రెండు మడతలు పెట్టి బొత్తాలు వేసింది. విప్పి చూస్తే ఇసుక సగానికే ఉంది, పైన ఇంకా పోసుకోవడానికి చోటుంది.