జాబితాలో షెద్లీ పేరు

పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, హయాత్ కంప్యూటర్‌లో "మేక్" అని ఒక్క మాట కొట్టేది. కెర్కెన్నా దీవి రేడియోలో ఆమె పనంతా అదే. జాలర్ల పాటలున్న పెద్ద ఫైళ్లను ప్రసారానికి పనికొచ్చే చిన్న ఫైళ్లుగా మార్చాలి. మేక్ అనే ఆ ప్రోగ్రాం ఫైళ్ల తేదీలు చూసుకుని, నిన్నటి నుంచి మారినవాటినే మళ్లీ చేసి, వాటి పేర్లు చూపిస్తుంది. చేసిన పని మళ్లీ చేయాలంటే దానికి మహా బద్ధకం.

బతికున్నవాళ్ల పాటలు ఫైళ్లలో వాటంతటవే రోజూ కాస్త మారేవి. మనిషికి జలుబు చేస్తే పాటకూ చేసేది, ఉన్నచోటి చప్పుళ్లు కూడా వచ్చి చేరేవి. పోయినవాళ్లవి కదలవు. అందుకే పొద్దుటి జాబితాలో ఎవరి పేరైనా తప్పితే, ఇరుగుపొరుగు ఆ ఇంటికి పరామర్శకు రొట్టెలు పట్టుకెళ్లేవారు. పాటలు వినే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

హయాత్ తమ్ముడు షెద్లీ వేటకెళ్లి తిరిగిరాక మూడు రోజులైంది. గస్తీవాళ్లు వెతకడం మానేశారు. జాబితాలో పేరు మాత్రం రోజూ వస్తోంది. తమ్ముణ్ణి వెతకమని ఆమె అలాల అనే పడవ యజమాని కాళ్లావేళ్లా పడింది.

"బతికున్నాడని నాకూ తెలుసమ్మా," అన్నాడాయన. "ఎక్కడున్నాడో చెప్పు, ఇప్పుడే తాడు విప్పుతా. సముద్రమంతా గాలించాలంటే నా వల్ల ఎక్కడవుతుంది?"

నాలుగో రోజు, తమ్ముడి ఫైలు పాడవుతుందేమోనని భయపడి, హయాత్ అన్నిటినీ కొత్త డిస్కులోకి కాపీ చేసింది. పాత తేదీలు ఉంచమని చెప్పడం మరిచిపోయింది. అన్నిటికీ ఆనాటి తేదీయే పడింది. మేక్ నాలుగువేల పాటలూ మొదటి నుంచి మార్చడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ల కిందట పోయిన తాత పేరూ జాబితాలోకి వచ్చింది. ఇక షెద్లీ పేరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. చేజేతులా చేసుకున్నానని తల బాదుకుంది.

వేరే దారి లేక, పాట పెట్టి వింది.

గొంతు బొంగురుపోయింది. మాటల మధ్య నీళ్ల చప్పుడు, ఖర్జూర మట్టల గలగల, పగిలిన గంట మోత ఒకటి. పరుగున రేవుకెళ్లి అలాలకు వినిపించింది.

"ఆ గంట మా నాన్న కట్టింది," అన్నాడాయన.

చేపల కోసం లోతులేని నీళ్లలో వాళ్ల నాన్న పాతిన మట్టల దడికి ఉన్న గంట అది. ఆ దడి కోసం అన్నతో గొడవపడి, పదకొండేళ్లుగా ఆ వైపు చూడనని ఒట్టేసుకున్నాడు అలాల. ఆయన మీది గౌరవంతో మిగతావాళ్లూ అటు వెళ్లేవారు కాదు.

ఆయన తాడు విప్పాడు.

షెద్లీ దడి గుంజను కావలించుకుని కనిపించాడు. వాన నీళ్లతో ప్రాణం నిలుపుకున్నాడు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది.

"నాలుగు రోజులూ పాడుతూనే ఉన్నానక్కా," అన్నాడు. "వినపడలేదా?"

రోజూ నీ పేరు చూస్తూనే ఉన్నాం అన్న మాట మింగేసి, హయాత్ నీళ్ల సీసా అతని నోటికందించింది.