ముసలమ్మ బొమ్మ

1962 నవంబరు. చైనాతో యుద్ధం జరుగుతున్న రోజులు. అల్లూరు బజారులో ఓబులేసుకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఇరవయ్యేళ్ల కిందట, జపాను విమానాలొచ్చి బాంబులేస్తాయని కోస్తా అంతా వణికిపోతున్నప్పుడు, అతను కమ్యూనిస్టు పార్టీ కోసం ఫాసిస్టులకు వ్యతిరేకంగా పోస్టర్లు తయారుచేశాడు. వాటిలో ఒక్కటే స్టూడియో గోడకు మిగిలింది. తెడ్డెత్తిన ఆడమనిషి, ఆమె కాలి కింద హిట్లరు గుర్తున్న పాము, పై మూలన ఎర్రజెండా. ఫోటో తీసి, దాన్ని చూసి గీసిన బొమ్మ అది. ఆ మనిషిది ఇసకపల్లి, పేరు ముసలమ్మ. అరవై దాటినా ఇంకా గంపెత్తుకుని చేపలమ్మడానికి బజారుకు వస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం చైనాకు వ్యతిరేకంగా తీసిన ఊరేగింపు స్టూడియో ముందు ఆగింది. ముందు నిలబడ్డవాడు గంగులయ్య, బియ్యం మిల్లులో మేస్త్రీ.

"చైనావోడి జెండా గోడకేసుకుని కూర్చోనుండావా?" అన్నాడు.

"అది చైనాది కాదు గంగులన్నా. హిట్లరు మీద, జపానోళ్ల మీద ఏసింది. కింద రాసుండాది, చదువు."

గంగులయ్య చదవలేదు. పోస్టరును పెరికి కాలికింద వేశాడు. వెనకున్నవాళ్లు లోపలికి దూరి అరల్లోని గాజు నెగటివులను నేలకేసి కొట్టారు. అడ్డుపడిన ఓబులేసును ఇద్దరు బల్ల మీదికి వంచి పట్టుకున్నారు. తలుపుకు అడ్డం పెట్టే ఇనుప కడ్డీ తీసుకుని గంగులయ్య అతని కుడిచేతి మీద కొట్టాడు. రెండో దెబ్బకు వేళ్ల ఎముకలు చితికి తెల్లగా బయటికొచ్చాయి. ఓబులేసు భార్య ప్రమీలమ్మ ఒకడి చెవి కొరికింది. వాడు ఆమె జుట్టుపట్టి గాజుపెంకుల్లోకి తోశాడు.

అరుపులు విని ముసలమ్మ వచ్చింది. గంప గుమ్మంలో వదిలి, ఓబులేసుకు అడ్డంగా నిలబడింది.

"ఆ బొమ్మలో ఉండేది నేనే. నేను చైనాదాన్నా? నన్ను కొట్టండి."

గంగులయ్య ఎత్తిన చెయ్యి ఆపుకోలేదు. కడ్డీ ఆమె కణతకు తగిలింది. ముసలమ్మ బల్ల అంచు పట్టుకోబోయి, పట్టుకోలేక ఒరిగిపోయింది. చెవిలోంచి రక్తం కారి పోస్టరు కిందికి పాకింది. ఆమె ప్రాణం పోయింది. జనం ఒక్కొక్కరే వెనక్కి నడిచారు. కాసేపటికి బజారు ఖాళీ అయింది.

"ప్రమీలా, కెమెరాలో ఒక గాజుపలక మిగిలుండాది. స్టాండు నిలబెట్టు" అన్నాడు ఓబులేసు.

"ముందు నీ చెయ్యి..."

"చెయ్యి ఉంటుంది. ఆమెను తీసుకుపోతే ఇంక రుజువుండదు."

ముఖం మీద రక్తం తుడుచుకుంటూ ప్రమీలమ్మే ఫోటో తీసింది.

విచారణకొచ్చిన పోలీసు ఉద్యోగి ముసలమ్మ గుమ్మంలో జారిపడి చనిపోయిందని రాసుకుని పోయాడు. అది తెలిసి ఓబులేసు భార్యచేత పది ప్రింట్లు వేయించాడు. ఎడంచేత్తో వంకర అక్షరాలు రాశాడు: 'ఈమెను చంపింది చైనావాళ్లు కాదు. మనమే.' తెల్లవారేసరికి అవి బజారు గోడల మీద ఉన్నాయి.

పొద్దెక్కాక ముసలమ్మ కొడుకు చెంచయ్య స్టూడియోకు వచ్చాడు. చేతిలో తడి కాగితాల చుట్ట. పదింటినీ గోడల నుంచి ఊడదీసి తెచ్చాడు.

"మా అమ్మ చీర చెదిరి పడుండాది ఓబులేసన్నా. దావన పొయ్యే ప్రతివోడూ నిలబడి చూస్తా ఉండాడు. నన్నొక మాట అడగాలని నీకు తోచలా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. చెయ్యి విరుగుతున్నప్పుడు కూడా అతను ఇంతగా తల దించుకోలేదు.

"తప్పయిపొయింది చెంచయ్యా" అన్నాడు. "నెగటివు కూడా తీసుకుపో. పగలగొట్టినా నేనేమీ అనను."

చెంచయ్య గాజుపలకను వెలుతురుకెత్తి చూశాడు. "పగలగొడితే ఆ గంగులయ్య బయటే తిరుగుతాడు కదా" అని, దాన్ని తువ్వాలులో చుట్టుకుని లేచాడు.

ఆ ఫోటో చూపి చెంచయ్య ఫిర్యాదు చేస్తే కేసు నెల్లూరు కోర్టుకు వెళ్లింది. ఓబులేసు, ప్రమీలమ్మ సాక్ష్యం చెబుతున్నంతసేపూ చెంచయ్య ఆ ఫోటోను బోర్లా పట్టుకునే నిలబడ్డాడు. జడ్జి అడిగినప్పుడు ఆయన ఒక్కడికే కనిపించేలా తిప్పాడు. గంగులయ్యకు ఏడేళ్ల జైలు పడింది.

ఓబులేసు వేళ్లు మళ్లీ వంగలేదు. స్టూడియోలో ఫోటోలు ప్రమీలమ్మే తీసేది.