చూసి రాసిన పుస్తకం

లిఫ్టు మెకానిక్కుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మనిషి, ఇంట్లో ఒక కుళాయి గురించి ఒకే ఒక్క అబద్ధమాడి భార్యను పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్నాడంటే ఆమె పోలేదు. హాల్లో చేపలతొట్టి ఎదురుగా కుర్చీలో కూర్చునే ఉంది. అయినా పోగొట్టుకున్నాడనే అంటాను.

ఆ తొట్టి ఆమెది. అందులో పళ్ళెంలా గుండ్రంగా, పల్చగా ఉండే చేపలు ఆరు. మామూలు నీళ్ళు వాటికి పడవు. అందుకని వంటింటి వెనక చిన్న గదిలో ఒక ఫిల్టరు, దాని కింద మోకాలెత్తు నీలం డ్రమ్ము. ఫిల్టరు నీళ్ళు సన్నటి ధారగా పడతాయి, డ్రమ్ము నిండడానికి రెండు గంటలు పడుతుంది. వారానికి రెండు రోజులు పొద్దున్నే అతను డ్రమ్ములో నీళ్ళు తోడి తొట్టిలో మార్చేవాడు. సాయంత్రం నాలుగింటికి ఆమె కుళాయి విప్పి డ్రమ్ము నింపేది. చేపలకేమో వడగట్టిన నీళ్ళు, మొగుడికేమో ఏవైనా సరే అని అతను దెప్పితే, చేపలు ఎదురు మాట్లాడవు కదా అనేది.

కుళాయి పక్కన మేకుకు దారంతో ఒక నోట్‌బుక్కు వేలాడుతుండేది. 'విప్పాను 4.05, కట్టాను 6.10.' పన్నెండేళ్ళుగా ప్రతి పేజీ నిండా ఇవే ముక్కలు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. తన కళ్ళతో చూడని అంకెను పెద్ద డాక్టరు చెప్పినా రాయనని మొరాయించి ల్యాబంతటికీ లోకువా, భయమూ రెండూ అయింది. ఆ పట్టుదలను ఇంటికీ తెచ్చుకుంది. ఏ పాలు ఎప్పుడు విరిగాయో కూడా చూసి రాసేది. చూడకపోతే రాసేది కాదు.

రెండేళ్ళుగా మరుపు మొదలైంది. పక్కింటావిడ పేరు పోయింది, ఇంటి తాళం పోయింది, ఒకరోజు వీధి చివర దాకా వెళ్ళి ఇల్లు పోయింది. డ్రమ్ము మాత్రం పోలేదు. నాలుగయ్యేసరికి కుళాయి దగ్గర ఉండేది. ఏ సంగతి మీద అనుమానం వచ్చినా నోట్‌బుక్కు తీసి చూసుకుని, నా అక్షరమే, అయితే నిజమే అని కుదుటపడేది.

రెండు వీధుల అవతల ఉండే కూతురు రోజూ వచ్చి చూసి వెళ్ళేది. మంచి పిల్లే, కానీ మాట కచ్చితం. ఇలాంటి వాళ్ళను చూసుకునే హోమ్ ఒకటి ముందే చూసి పెట్టింది. నువ్వు గట్టిగా ఉన్నన్నాళ్ళూ అమ్మ ఇక్కడే ఉంటుంది నాన్నా, నువ్వు కూడా మర్చిపోవడం మొదలుపెట్టిన రోజు నేను ఒక్కరోజు కూడా ఆగను అని చెప్పేసింది. అతను నవ్వేశాడు గానీ, ఆ మాట గుండెలో ముల్లులా దిగబడింది.

ఆ రోజు పొద్దున ఆమె రాత్రంతా నిద్రలేక అప్పుడే కునుకు పట్టింది. పాపం సాయంత్రం కష్టపడటం ఎందుకులే అని నీళ్ళు మార్చాక అతనే కుళాయి విప్పాడు. ఇంతలో ఫోను. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారు. రిటైరైనా ఇలాంటివాటికి అతన్నే పిలుస్తారు. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాడు. కుళాయి సంగతి గుర్తుకొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

తిరిగొచ్చేసరికి కూతురు చీర ఎత్తి దోపుకుని నీళ్ళు ఎత్తిపోస్తోంది. కింద ఫ్లోరు టైలరమ్మ, కుట్టిన బట్టలన్నీ తడిశాయని గుమ్మంలో నిలబడి ఏడవలేక ఊరుకుంది. తడిసిన పాదాలతో భార్య గోడకానుకుని నిలబడి ఉంది. అతన్ని చూడగానే మొహంలోకి ప్రాణం వచ్చింది.

"ఏవండీ, నేనే విప్పానా? నాకు గుర్తులేదు."

కూతురు గుడ్డ పిండుతూ ఆగి, తండ్రి వైపు చూసింది. ఆ చూపులో అతనికి హోమ్ గేటు కనిపించింది. అబద్ధమాడటం చేతకాని మనిషి కనుక రెండు ముక్కలతో సరిపెట్టాడు.

"నువ్వే విప్పావు."

ఆమె మేకు దగ్గరికి వెళ్ళి నోట్‌బుక్కు తీసి రాసింది. 'కుళాయి విప్పి వదిలేశాను. ఇల్లంతా నీళ్ళు.' జన్మలో మొదటిసారి, కళ్ళతో చూడని సంగతి రాసింది. మొగుడి మాట మీద రాసింది. ఆ మొగుడు పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని నేను క్షమించలేను. అతనూ క్షమించుకోలేదు, అది వేరే సంగతి.

ఆ కుళాయి తనంతట తాను ఆగేలా చేస్తేనే అమ్మను ఇక్కడ ఉంచుతానంది కూతురు. ఇది అతని విద్య. పై అంతస్తు చేరగానే లిఫ్టు ఆగాలంటే స్విచ్చి ఎక్కడ ఉండాలో అతనికి నిద్రలోనూ తెలుసు. డ్రమ్ములో నీళ్ళ మీద తేలే బుడ్డి ఒకటి పెట్టాడు. అది పైకి తేలగానే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగగానే వాల్వు మూసుకుని ఫిల్టరుకు వచ్చే నీళ్ళు ఆగిపోతాయి. ఒకవేళ అది పనిచేయకపోతే అని దానికి నాలుగు వేళ్ళ పైన రెండో బుడ్డి. నీళ్ళు తగ్గితే డ్రమ్ము దానంతటదే మళ్ళీ నిండుతుంది. పైపులన్నీ డ్రమ్ము వెనక దాచాడు, చప్పుడు లేదు, వైరు ముక్క కనపడదు. పాత కుళాయి పీకేస్తే ఆమె బాధపడుతుందని గోడకు అలాగే ఉంచాడు. ఎక్కడికీ నీళ్ళివ్వని కుళాయి. పని ఎంత బాగా కుదిరిందో చూసుకుని మురిసిపోయాడు కూడా. ఆమెకు రెండుసార్లు వివరంగా చెప్పాడు. అర్థమైందని తలూపింది.

ఆ వారం నీళ్ళు మార్చిన రోజు నాలుగింటికి ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళింది. డ్రమ్ము నిండుగా ఉంది. కుళాయి గట్టిగా కట్టి ఉంది. నోట్‌బుక్కులో ఆ రోజుది ఏమీ రాసి లేదు. చాలాసేపు నిలబడి, చివరికి రాసింది. 'నిండింది. ఎప్పుడు విప్పానో, ఎప్పుడు కట్టానో తెలియదు.' తర్వాతసారీ అదే. ఆ తర్వాతా అదే. అతను చెబితే ఆ పూటకు సరే అనేది. డ్రమ్ము మీద కాగితం అంటించాడు, తనంతట తానే నిండుతుంది అని. కాగితం చదివి, అది మీ అక్షరం కదా అని మళ్ళీ తన నోట్‌బుక్కే తిరగేసేది. తిరగేస్తూ తిరగేస్తూ ప్రతిసారీ ఆ వరద పేజీ దగ్గర ఆగిపోయేది.

నెల తిరిగేసరికి ఆమే కూతురికి ఫోన్ చేసి, ఆ హోమ్‌లో చేర్పించమని అడిగింది. నాన్నకు ఎందుకీ తిప్పలు, ఈసారి గ్యాసు వదిలేస్తే ఏంటి గతి అంది.

అతను కూతురి ఇంటికి పరుగెత్తి, ఆ రోజు కుళాయి విప్పింది తనేనని చెప్పేశాడు. కూతురు కోప్పడి ఉంటే బాగుండేది. కళ్ళు తుడుచుకుని, అమ్మ కోసం నింద మీదేసుకుంటున్నావు, అమ్మ తన చేత్తో రాసుకుంది కదా నాన్నా అంది. ఇంటికొచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. చేపలు అద్దం దగ్గరికి వచ్చి మెల్లగా తిరుగుతున్నాయి.

"ఆ రోజు కుళాయి విప్పి వదిలేసింది నేను. అమ్మాయికి భయపడి నీ మీద వేశాను."

ఆమె అతని చెయ్యి తీసుకుని నిమిరింది. నన్ను ఆపడానికి అంటున్నారు, మీకు అబద్ధమాడటం రాదు, మొహమే చెప్పేస్తుంది అంది. అతను లేచి వెళ్ళి నోట్‌బుక్కూ పెన్నూ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ వాక్యం కొట్టేసి, విప్పింది తను కాదని రాయమన్నాడు. బతిమాలాడు. ఆమె అక్షరం ఉంటే ఆమే నమ్ముతుంది, ఆమే ఆగిపోతుంది.

"నేను చూడలేదు కదండీ. చూడనిది ఎలా రాస్తాను?"

"ఒక్కసారి రాశావు. నా మాట మీద రాశావు. ఇదిగో, ఇదే." అని ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

ఆమె కళ్ళజోడు సవరించుకుని, ల్యాబులో రిపోర్టు చూసినట్టు, అక్షరం అక్షరం చదివింది.

"నా అక్షరమే. చూడకుండా నేను ఏదీ రాయనని మీకు తెలుసు కదా. చూసే ఉంటాను."

నోట్‌బుక్కు మూసి, దారం చుట్టి, జాగ్రత్తగా అతని చేతిలో పెట్టింది. మేకుకు తగిలించి రమ్మంది. ఆ హోమ్‌కు నాకు ఏమేం సర్దాలో కూడా మీరే ఒక కాగితం మీద రాసి పెట్టండి, నేను మర్చిపోతాను అంది.